'ది రెజ్లర్' సినిమా ఎలా చూడాలి: అతన్ని ఎవరు ఏ పేరుతో పిలుస్తున్నారో వినండి

ఈ సినిమా చూడమని నేను ఇప్పటికి ఓ పది మందికైనా చెప్పి ఉంటాను. అందులో సగం మంది "కుస్తీ సినిమానా, మనకి పడదులే" అని పక్కన పెట్టేశారు, మిగతా సగం చూసి "బాగుంది కానీ బాగా స్లో, ముసలాడి కష్టాలు" అన్నారు. రెండు మాటలకీ నాకు బాధేసింది. ఎందుకంటే ఇది ఎలా చూడాలో ఒకరు ముందే చెప్తే మనసులో చాలా కాలం ఉండిపోయే సినిమా, చెప్పకపోతే చేతిలోంచి జారిపోయే సినిమా. నాకూ మొదటిసారి జారిపోయింది. రెండోసారి చూసినప్పుడు ఏం గమనించానో, దాన్నిబట్టి మీరు మొదటిసారే ఎలా చూడొచ్చో రాస్తున్నాను.

ముందు వివరాలు. 2008లో వచ్చింది, దర్శకుడు డారెన్ అరనోఫ్‌స్కీ, రాసింది రాబర్ట్ సీగెల్, హీరో మికీ రూర్క్. ఆ ఏడాది వెనిస్ చిత్రోత్సవంలో అన్నిటికంటే పెద్ద బహుమతి గోల్డెన్ లయన్ దీనికే ఇచ్చారు. కథ అంతా అమెరికాలోని న్యూజెర్సీలో జరుగుతుంది. 1980ల్లో స్టేడియాలు నింపిన ర్యాండీ 'ది ర్యామ్' రాబిన్సన్ అనే ప్రో రెజ్లర్ ఇరవై ఏళ్ల తర్వాత శని, ఆదివారాల్లో స్కూలు జిమ్ముల్లో, చిన్న చిన్న హాళ్లలో కుస్తీ పడుతూ, మిగతా రోజుల్లో సూపర్‌మార్కెట్ గోడౌన్‌లో పెట్టెలు మోస్తూ బతుకుతుంటాడు. ఒకరోజు ఆట అయిపోయాక గుండెపోటు వస్తుంది, ఇక రింగు ఎక్కితే ప్రాణానికే ప్రమాదం అని డాక్టర్ చెప్తాడు. కథ ఇంతే. ఇంతకు మించి మలుపుల కోసం ఎదురు చూడకండి, వాటి కోసం కూర్చుంటే నిజంగానే స్లోగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. సినిమా మొత్తంలో ఒక్క పని చేయండి: ఎవరు అతన్ని ఏ పేరుతో పిలుస్తున్నారో విని గుర్తు పెట్టుకోండి. మన భాషలో పేరు అంటే నలుగురూ పిలిచేదీ పేరే, నలుగురిలో తెచ్చుకున్నదీ పేరే. పేరున్న మనిషి అంటాం, పేరు పోయింది అంటాం, ఈ వయసులో పేరు చెడగొట్టుకోవడం ఎందుకు అంటాం. అలాంటి మనకి ఈ సినిమా తొందరగా ఎక్కాలి. అతని అసలు పేరు ర్యాండీ కాదు, రాబిన్ రామ్జిన్‌స్కీ. జీతం కాగితాల మీద ఉండే ఆ పేరంటే అతనికి గిట్టదు, ఎవరైనా అలా పిలిస్తే ర్యాండీ అనమని సరిచేస్తాడు. మొదటిసారి చూస్తున్నప్పుడు నాకు అది చిన్న చాదస్తం లాగా అనిపించింది. కాదు, కథంతా అక్కడే ఉంది.

చూసే ముందు ప్రో రెజ్లింగ్ గురించి కొంచెం తెలిసి ఉండాలి, మరీ ఎక్కువ అక్కర్లేదు. 90ల్లో మన ఊళ్లలో పెరిగినవాళ్లయితే సగం మీకు తెలిసే ఉంటుంది. స్కూలు బయట బడ్డీకొట్లో కొనుక్కున్న డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (అమెరికాలో పెద్ద కుస్తీ కంపెనీ) ట్రంప్ కార్డులు గుర్తున్నాయా, ఎత్తు, బరువు, ఛాతీ, ఎన్ని ఫైట్లు, ర్యాంక్ ఎంత అని అంకెలుండేవి, సెలవుల్లో అరుగు మీద కూర్చుని అవే ఆడేవాళ్లం. బరువు అడిగితే యోకోజునా కార్డు ఉన్నవాడిదే గెలుపు. ఆ యోకోజునా 2000లో పోయాడు, 34 ఏళ్లకి. బ్రిటిష్ బుల్‌డాగ్ 2002లో పోయాడు, 39 ఏళ్లకి. వాళ్లు చనిపోయారన్న సంగతి కూడా నాకు చాలా ఏళ్ల దాకా తెలీదు. కార్డుల్లో వాళ్లెప్పుడూ పాతికేళ్ల కుర్రాళ్లలాగే నిలబడి ఉండేవాళ్లు కదా. ఈ సినిమాకి కూర్చునే ముందు ఆ కార్డులు ఒకసారి తలుచుకోండి, ఆ బొమ్మ వెనకాల ఉన్న మనిషి ఏమయ్యాడు అన్నదే ఇక్కడి కథ.

ఆటలో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు, ఇది మనకి తెలిసిందే. "అంతా డూపే కదా" అని అక్కడితో కొట్టిపారేస్తాం. గెలుపోటములు ముందే రాసుకున్నవే కానీ కింద పడటం మాత్రం రాసుకున్నది కాదు. ఆరడుగుల మనిషి తాళ్ల మీంచి వీపు ఆనేలా దూకితే ఆ వీపుకి అది నాటకమని తెలీదు. నెలకి నాలుగైదు సార్లు, ఇరవై ముప్ఫై ఏళ్లు ఆ దెబ్బ తింటే వెన్ను ఏమవుతుందో ఊహించుకోండి. పైగా అమెరికాలో పెద్ద కంపెనీ కూడా రెజ్లర్లని ఉద్యోగులుగా లెక్కేయదు, కాంట్రాక్టు మనుషులుగానే చూస్తుంది. మన లెక్కలో చెప్పాలంటే పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే ర్యాండీ ఉండే ట్రైలర్ ఇల్లు (బండికి తగిలించి లాక్కెళ్లే డబ్బా లాంటి ఇల్లు), దానికి అద్దె కట్టలేకపోతే తలుపుకి పడే తాళం, ఆ రాత్రి వ్యాన్‌లో పడుకోవడం, ఇవన్నీ దురదృష్టం వల్ల జరిగినవి కావని, ఆ పనిలో ముందు నుంచీ ఉన్న లెక్కేనని అర్థమవుతుంది.

ఎప్పుడు, ఎవరితో చూడాలి అంటే, పిల్లలు పడుకున్నాక చూడండి. నిడివి గంటా యాభై నిమిషాలకి అటూ ఇటూ. క్లబ్‌లో నగ్నంగా డాన్స్ చేసే సీన్లున్నాయి, రక్తం ఉంది, డ్రగ్స్ ఉన్నాయి. అమ్మానాన్నలతో కలిసి కూర్చుంటే రిమోట్ ఎక్కడుందా అని వెతుక్కోవడంతోనే సరిపోతుంది. ఒంటరిగా చూడండి, లేకపోతే మాట్లాడకుండా పక్కన కూర్చోగలిగే ఒక్క మనిషితో చూడండి. డబ్బింగ్ వద్దు, ఇంగ్లీషులోనే సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి, రూర్క్ గొంతులోని ఆ గరగర వేరే గొంతులోకి రాదు. హెడ్‌ఫోన్స్ ఉంటే తప్పకుండా పెట్టుకోండి, ఎందుకంటే ఈ సినిమాలో చాలా భాగం ఊపిరి శబ్దమే. మెట్లెక్కినా, బూట్లు విప్పినా, మంచం మీద వాలినా ఆ మనిషి ఊపిరి వినిపిస్తూనే ఉంటుంది. టీవీ స్పీకర్‌లో ఫ్యాన్ గాలి పక్కన అదంతా పోతుంది.

మొదలవగానే పాత పోస్టర్లు, పేపర్ కటింగులు, వెనకాల కామెంటరీ హోరు వస్తాయి. స్కిప్ చేయకండి. ర్యామ్ అన్న పేరు ఒకప్పుడు ఎంత పెద్ద అక్షరాల్లో అచ్చయిందో అక్కడే చూపిస్తారు. అది అయిపోగానే ఇరవై ఏళ్ల తర్వాత అని పడుతుంది, చిన్నపిల్లల క్లాస్‌రూమ్‌లో ఒక కుర్చీ మీద మనకి వీపు పెట్టి కూర్చుని ఓ మనిషి దగ్గుతుంటాడు. చుట్టూ పిల్లల బొమ్మలు, బల్లలు. ఆ రాత్రికి అదే అతని మేకప్ రూమ్. నిర్వాహకుడు వచ్చి, జనం ఇంకా వస్తారనుకున్నా అని నాలుగు నోట్లు చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. ముఖం ఇంకా సరిగా చూపించరు.

ముఖం చూపించకపోవడం ఊరికే చేసింది కాదు. మరీస్ ఆల్బర్టీ అనే కెమెరామన్, ఆవిడ డాక్యుమెంటరీలు తీసి వచ్చిన మనిషి, 16 ఎంఎం ఫిల్మ్ మీద, కెమెరా చేత్తో పట్టుకుని అతని వెనకాలే నడిచింది. చాలాసేపు మనకి కనిపించేది రంగేసిన పొడుగు జుట్టు, వెడల్పాటి వీపు, కొంచెం ఈడుస్తున్న నడక. అసలు రింగులోకి వెళ్లేటప్పుడు టీవీ కెమెరా రెజ్లర్ వెనకాల నడిచేది ఇలాగే. అంటే అతను ఎక్కడికి వెళ్లినా, చెత్త పడేయడానికి వెళ్లినా సరే, ఏదో గోదాలోకి దిగుతున్నట్టే కనిపిస్తాడు. ఆ వీపుని అలవాటు చేసుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

డ్రెస్సింగ్ రూమ్ సీన్లలో ఫోన్ చూసుకోకండి. ఇక్కడ నాకు అన్నిటికంటే నచ్చింది ఆ కుర్రాళ్ల మర్యాద. రింగులో ఒకళ్లనొకళ్లు చంపేసేలా కనిపించేవాళ్లు లోపల పక్కపక్కన కూర్చుని, ముందు నువ్వు ఇది చెయ్యి, తర్వాత నేను ఇలా పడతా అని పెళ్లిపనులు పంచుకున్నట్టు మాట్లాడుకుంటారు. పెద్దాయనకి గౌరవం ఇస్తారు. ర్యాండీ కూడా కుర్రాడి ఆట చూసి మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాడు. ఆ గదిలో అతన్ని రాబిన్ అని పిలిచేవాళ్లు ఒక్కరూ ఉండరు.

ఇంకో సంగతి, మణికట్టుకి టేప్ చుట్టుకునేటప్పుడు అతని వేళ్ల మీద కన్నేయండి. బ్లేడుని చిన్న ముక్కగా చేసి ఆ టేప్ మడతలో దాస్తాడు. ఆట మధ్యలో దెబ్బ తిని కింద పడ్డప్పుడు, ముఖం దాచుకున్నట్టు చేసి, ఆ ముక్కతో నుదురు కోసుకుంటాడు. జనానికి రక్తం కనిపించాలి కదా. చెమటతో కలిసి అది ముఖమంతా పాకుతుంది, జనం వెర్రెత్తిపోతారు. చాలా తొందరగా అయిపోయే సీన్ అది, తెలీకపోతే ఎదుటివాడు కొట్టిన దెబ్బే అనుకుంటాం. తనని తాను కోసుకోవడం కూడా అతని పనిలో ఒక భాగం, వంటవాడు ఉల్లిపాయ కోసినంత మామూలుగా చేస్తాడు.

గుండెపోటుకి ముందు ఒక ఆట ఉంది, ముళ్లతీగ, గాజుపెంకులు, స్టేప్లర్ గన్ అన్నీ వాడతారు. ఎదురుగా ఆడేది నెక్రో బుచర్ అనే నిజమైన రెజ్లర్, చూస్తున్న జనం కూడా అలాంటి ఆటలకి అలవాటు పడ్డ నిజమైన జనమే. చూడలేకపోతే చూడకండి, ఇందులో పంతానికి పోవాల్సిన పని లేదు, కళ్లు మూసుకుని విన్నా సరిపోతుంది. కానీ ఆట మొదలయ్యే ముందు ఆ నెక్రో బుచర్ ర్యాండీ దగ్గరికొచ్చి స్టేప్లర్ వాడినా పర్వాలేదా అని ఎంత వినయంగా అడుగుతాడో అది మాత్రం వదలకండి. ఆట అయ్యాక ఒంట్లోంచి ఒక్కో పెంకూ, ఒక్కో పిన్నూ తీస్తుంటే ఆ ఒళ్లు చూడండి.

తర్వాత వచ్చే ఆటోగ్రాఫుల హాలు సీన్‌లో మాటలు పెద్దగా లేవు కాబట్టి ఇక్కడ ఆగాలి. పాత రెజ్లర్లంతా బల్లలేసుకుని, పాత క్యాసెట్లు, ఫోటోలు అమ్ముకుంటూ కూర్చుంటారు. వచ్చే అభిమానులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఖాళీ దొరికినప్పుడు ర్యాండీ తల తిప్పి తోటివాళ్లని చూస్తాడు. ఒకాయన చక్రాల కుర్చీలో, ఇంకొకాయన కూర్చునే కునికిపాట్లు, ఒకాయన ప్యాంటు కింద మూత్రం సంచీ. బల్ల మీద మాత్రం అందరి పేర్లూ పెద్ద అక్షరాల్లోనే ఉంటాయి. రూర్క్ ఇక్కడ ఏమీ చేయడు, ఉత్తినే చూస్తాడంతే. సగం జీవితం ఒక పేరుకి పెట్టేసిన మనిషికి, ఆ పేరు ఎక్కడిదాకా తీసుకెళ్తుందో మొదటిసారి కళ్ల ముందు కనిపించిన ముఖం అది. కావాలంటే వెనక్కి వెళ్లి మళ్లీ చూడండి, నేను మూడుసార్లు చూశాను.

సినిమాకి గుండెకాయ మాత్రం రింగులో లేదు, సూపర్‌మార్కెట్‌లో ఉంది. రింగు మానేశాక అతనికి ఇంకొన్ని గంటల పని కావాలి, మేనేజర్ దగ్గర ఖాళీ ఉన్నది డెలీ కౌంటర్‌లోనే. అంటే సన్నగా కోసిన మాంసం, సలాడ్లు తూకం వేసి ఇచ్చే చోటు, గోడౌన్‌లో లాగా కాదు, జనం ముందు నిలబడాలి. జుట్టుకి నెట్టు పెట్టుకోవాలి. ఛాతీ మీద బ్యాడ్జ్ ఉంటుంది, దాని మీద పేరు రాబిన్ అని ఉంటుంది. మొదటి రోజు పనిలోకి వెళ్తూ వెనక గదుల్లోంచి, మెట్ల మీంచి, సందుల్లోంచి నడుస్తుంటే కెమెరా మళ్లీ అతని వీపు వెనకాలే, అదే నడక, మీ హెడ్‌ఫోన్స్‌లో సన్నగా జనం కేకలు మొదలవుతాయి, అడుగు అడుగుకీ పెరుగుతాయి, చివర్లో ప్లాస్టిక్ పట్టీల తెర ఉంటుంది, దాని ముందు ఒక్క క్షణం ఆగి, పట్టీలు తోసుకుని బయటికొస్తాడు. కేకలు ఠక్కున ఆగిపోతాయి. ఎదురుగా గాజు పెట్టెలో కోడిమాంసం, బంగాళదుంప సలాడ్. ఆ తెర దగ్గర నేను మొదటిసారి నవ్వేశాను, రెండోసారి చూసినప్పుడు నవ్వు రాలేదు.

ఆ తర్వాతి సీనే నేను అందరికీ చెప్పేది. అతను ఆ పని బాగా చేస్తాడు. చాలామంది ఇది గమనించరు, కౌంటర్‌లో నిలబడటం అవమానం అని ముందే అనుకుని చూస్తారు కాబట్టి. ఇంకాస్త వెయ్యి, కాదు కొంచెం తియ్యి అని ఒక ముసలావిడ సతాయిస్తుంటే ఓపిగ్గా నవ్వుతూ వేసిస్తాడు, వచ్చినవాళ్లతో సరదాగా మాట్లాడతాడు, ప్యాకెట్ బంతిలాగా విసిరి పట్టుకోమంటాడు. ఈ సీన్లు తీసింది బయోన్ అనే ఊళ్లో నిజంగా నడుస్తున్న సూపర్‌మార్కెట్‌లో, కొందరు కొనుక్కోవడానికి వచ్చిన మామూలు జనమే, రూర్క్ వాళ్లకి నిజంగానే తూకం వేసి ఇచ్చాడు. ఆ కాసేపూ అతను ఎవరినో కొట్టాల్సిన పనీ లేదు, ఎవరి చేతో దెబ్బలు తినాల్సిన పనీ లేదు. జనం ఉన్నారు, అతను వాళ్లని సంతోషపెడుతున్నాడు. ఇలాగే బతికేస్తాడేమో అనిపిస్తుంది.

ఇంతలో ఒకడు తేరిపార చూసి, నిన్నెక్కడో చూశాను, నువ్వు రెజ్లర్ ర్యామ్‌వి కదూ అంటాడు. అంతే. అప్పటిదాకా రాబిన్ బ్యాడ్జ్‌తో సర్దుకుపోయిన మనిషి ఆ ఒక్క పిలుపుకి తట్టుకోలేకపోతాడు. మాంసం కోసే మిషన్‌లో చేయి తెగుతుంది, రక్తం. ఇక్కడ ఆగి ఆలోచించండి. రింగులో కావాలని కోసుకుంటే జనం చప్పట్లు కొట్టారు, డబ్బులిచ్చారు. ఇక్కడా అదే రక్తం, అదే జనం, భయపడి వెనక్కి జరుగుతారు. పేరు లేకుండా పని చేయగలిగాడు, పేరుతో రింగులో ఉండగలిగాడు, ఆ పేరుతో ఈ కౌంటర్ వెనకాల మాత్రం నిలబడలేకపోయాడు.

ఈ సీన్ నాకు ఇంతగా ఎందుకు పట్టుకుందో చెప్పాలి. మా పెదనాన్న పౌరాణిక నాటకాల్లో కృష్ణుడు వేసేవారు. రాయబారం సీన్‌కి పక్క ఊళ్ల నుంచి బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు, ఒక్కో పద్యానికి వన్స్‌మోర్‌లు పడేవి, తెల్లారేదాకా నాటకం సాగేది. ఊళ్లో ఆయన్ని అందరూ కృష్ణుడుగారు అనే పిలిచేవారు, చిన్నప్పుడు నేను అదే ఆయన పేరు అనుకున్నాను. తర్వాత గొంతు పోయింది, నాటకాలూ పోయాయి. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఒకసారి ఆయనతో రేషన్ షాపుకి వెళ్లాను. లోపలి కుర్రాడు కార్డు మీద పేరు చూసి పిలిచాడు, ఇంకోసారి పిలిచాడు. ఆయన నా పక్కనే సంచీ పట్టుకుని నిలబడి ఉన్నారు, కదల్లేదు. పెదనాన్నా, మనల్నే పిలుస్తున్నాడు అని నేను చేయి పట్టుకుంటే అప్పుడు తేరుకుని, మనల్నా అన్నారు. చెవులు బాగానే వినిపించేవి ఆయనకి. ఈ సినిమా రెండోసారి చూస్తుంటే, ఆ బ్యాడ్జ్ దగ్గర నాకు ఆ సంచీ గుర్తొచ్చింది.

మీకూ అలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆర్టీసీలో చేసి రిటైరైన డ్రైవర్ కావచ్చు, ఊళ్లో పేరున్న కబడ్డీ ఆటగాడు కావచ్చు, బ్యాండ్ మేళంలో క్లారినెట్ ఊదిన ఆయన కావచ్చు. డెలీ సీన్ వచ్చేసరికి ఆ మనిషిని మనసులో పక్కన కూర్చోబెట్టుకోండి. మిగతా సినిమా మీకు వేరేగా కనిపిస్తుంది.

క్లబ్‌లో డాన్స్ చేసే క్యాసిడీ పాత్రని హీరోయిన్ లెక్కన చూడకండి, ర్యాండీకి అద్దం లెక్కన చూడండి. మరీసా టోమే వేసింది. ఆమెకీ రెండు పేర్లు, క్లబ్‌లో క్యాసిడీ, బయట పామ్, ఇంట్లో ఒక కొడుకు. ఆమె బతుకూ ఒంటి మీదే, ఆమె వయసూ దాటిపోతోందని కుర్రాళ్లు ముఖం మీదే అంటారు. తేడా ఏంటంటే ఆమె ఆ రెండు పేర్లనీ ఎప్పుడూ కలవనివ్వదు, పని అయ్యాక ఒకటి అక్కడే వదిలేసి వస్తుంది. ఇతనికి అది చేతకాదు. ఎవరు ఎక్కువ తెలివైనవాళ్లు అన్నది నేను చెప్పను, కానీ ఆమె బయట చలికోటు వేసుకుని కనిపించే మొదటి సీన్‌లో ర్యాండీ ఆమెని ఎలా చూస్తాడో చూడండి.

కూతురి కథ నాకు కొంచెం తొందరగా కట్టేసినట్టు అనిపించింది. దూరమైన కూతురు, గుండెపోటు వచ్చాక గుర్తొచ్చిన నాన్న, ఇది మనం చాలాసార్లు చూసిందే, కూతురిగా వేసిన ఎవాన్ రేచల్ వుడ్‌కి ఇచ్చిన సీన్లు కూడా తక్కువ. అయినా ఆస్‌బరీ పార్క్ సముద్రపొడ్డున చలికాలంలో ఇద్దరూ నడిచే సీన్ కోసం ఆ లోపం క్షమించేయొచ్చు. ఒకప్పుడు జనంతో కిటకిటలాడిన ఆ ఊరి పాత క్యాసినో భవనం గోడలు పెచ్చులూడి ఉంటుంది, అందులో తండ్రీ కూతురూ కాసేపు డాన్స్ చేస్తారు. ఆ పిల్ల అతన్ని ఏమని పిలుస్తుందో, అసలు పిలుస్తుందో లేదో, మీరే వినండి.

పక్కింటి పిల్లాడితో వీడియో గేమ్ ఆడే సీన్ కూడా చిన్నదే. పాత నింటెండోలో ర్యామ్ బొమ్మ ఉన్న ఆట, సినిమా కోసమే తయారు చేయించారు దాన్ని. పెద్దాయన ఉత్సాహంగా తన బొమ్మతోనే ఆడుతుంటాడు, పిల్లాడికి విసుగు, కొత్తగా వచ్చిన యుద్ధం గేమ్ గురించి చెప్తుంటాడు. టీ పెట్టుకోవడానికి లేవాలనిపించే చోటు ఇది, లేవకండి.

మికీ రూర్క్ ఎవరో తెలీకపోతే చూసేదాకా వెతక్కండి, వీలైతే ఈ పేరా కూడా వదిలేసి సినిమా అయ్యాక చదవండి. ముందే తెలిస్తే నటుణ్ణి చూస్తాం, తర్వాత తెలిస్తే ర్యాండీనే మళ్లీ చూస్తాం. 1980ల్లో హాలీవుడ్‌లో అందగాడని పేరు తెచ్చుకున్న హీరో అతను. 1991లో నటన పక్కన పెట్టి ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోకి వెళ్లాడు, ఓడిపోలేదు కానీ ముఖం మీద దెబ్బలు తిని, ఆపరేషన్లు చేయించుకుని తిరిగొచ్చేసరికి ఆ ముఖమూ లేదు, సినిమాలూ లేవు. అతన్నే హీరోగా పెడతానని అరనోఫ్‌స్కీ పట్టుబట్టాడు, పెద్ద పెట్టుబడి పెట్టేవాళ్లు ముందుకు రాలేదు, చివరికి 60 లక్షల డాలర్ల చిన్న బడ్జెట్‌లో తీశారు. కుస్తీ నేర్పింది అఫా అనోవాయ్ అనే పాతకాలపు రెజ్లర్. మన ట్రంప్ కార్డుల్లోని యోకోజునాకి, ఇప్పటి పిల్లలకి తెలిసిన రోమన్ రెయిన్స్‌కీ ఈయన వరసకి చిన్నాన్న, పెదనాన్న అవుతాడు. రూర్క్‌కి గోల్డెన్ గ్లోబ్, బాఫ్టా వచ్చాయి, ఆస్కార్ మాత్రం షాన్ పెన్‌కి వెళ్లింది. అవార్డు తీసుకుంటూ పెన్ వేదిక మీద రూర్క్ పేరు చెప్పి, అతను నా సోదరుడు అన్నాడు.

చివరి ఆట గురించి జరిగేది చెప్పను, చూడాల్సింది మాత్రం చెప్తాను. ఇరవై ఏళ్ల కిందటి పెద్ద ఆటకి మళ్లీ పోటీ అని, అయాతొల్లా అనే పాత ప్రత్యర్థితో పెడతారు. 80ల్లో అమెరికా రింగుల్లో విదేశీ విలన్ వేషం మామూలే, ఐరన్ షేక్ అనే ఇరాన్ రెజ్లర్ని 1984 జనవరిలో హల్క్ హోగన్ ఓడించడంతోనే హోగన్ కాలం మొదలైంది, ఈ పాత్ర వెనక ఆ నీడ ఉంది. నిజానికి ఈ అయాతొల్లా ఇప్పుడు బాబ్ అనే మామూలు మనిషి, పాత కార్లు అమ్ముకుంటున్నాడు, ర్యాండీని చూడగానే ఆప్యాయంగా పలకరిస్తాడు. ఆట మొదలయ్యాక జనం ఎంత అరుస్తున్నా మీరు బాబ్ పెదవుల మీద దృష్టి పెట్టండి. మెడ పట్టుకున్నప్పుడు, కింద పడేసినప్పుడు ర్యాండీ చెవిలో ఏదో చెప్తుంటాడు. ఆ హాల్లో వందల మంది ర్యామ్ ర్యామ్ అని కేకలేస్తుంటే, ఆ మనిషి ఒంట్లో ఏం జరుగుతోందో కనిపెట్టి కంగారు పడుతున్నది, పరాయి దేశం జెండా ఊపుతూ వచ్చిన ఆ విలన్ ఒక్కడే. అంతకు ముందే తెర వెనక క్యాసిడీకి ర్యాండీ ఒక మాట చెప్తాడు, తనకి దెబ్బ తగిలేది రింగు బయటే అని. ఆ మాట నిజమా కాదా అని నేనూ, నాతో చూసిన ఫ్రెండూ రాత్రి ఒంటిగంట దాకా వాదించుకున్నాం. అతని పక్షాన మాట్లాడింది నేనే. ఇప్పుడు అడిగితే అంత గట్టిగా చెప్పలేను.

తెర నల్లబడగానే ఆపేయకండి, పేర్లు పడేటప్పుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాట వస్తుంది. ఆయనా న్యూజెర్సీ మనిషే, ఆ ఆస్‌బరీ పార్క్ గురించి పాడుతూ పైకొచ్చినవాడే, రూర్క్ ఉత్తరం రాస్తే ఈ పాట ఇచ్చాడు. లైట్ వేయకుండా ఆ పాట అయ్యేదాకా కూర్చోండి. వెంటనే రివ్యూల కోసం ఫోన్ తీయొద్దు. అరనోఫ్‌స్కీ 2010లో తీసిన 'బ్లాక్ స్వాన్'ని ఆయనే దీనికి తోడు సినిమా అన్నాడు, అది ఇంకో వారం చూసుకోవచ్చు.

పాట అయ్యాక, నిద్ర రాకపోతే, మొదటి పది నిమిషాలు మళ్లీ పెట్టండి. పిల్లల క్లాస్‌రూమ్, ఆ కుర్చీ, దగ్గు, నాలుగు నోట్లు. బ్యాగు ఈడ్చుకుంటూ బయటికొస్తుంటే చలిలో ఇద్దరు ముగ్గురు అభిమానులు ఆటోగ్రాఫ్ కోసం వస్తారు, మొదటిసారి మనం పట్టించుకోని సీన్ అది. ఒళ్లంతా నొప్పులతో ఉన్న మనిషి ఆగి, పెన్ను తీసుకుని, నవ్వుతూ సంతకం చేస్తాడు. ఏ పేరు రాస్తున్నాడో మీకిప్పుడు తెలుసు.